ఫిరంగికి గురి నేర్పిన పెర్సీ స్కాట్

నేవీలో నేను గన్నరీ వాణ్ణి. ట్రైనింగ్‌లో మా ఇన్‌స్ట్రక్టరు ఒకాయన మాటిమాటికీ సర్ పెర్సీ స్కాట్ పేరు ఎత్తేవారు. అప్పుడు నిద్రమత్తులో విన్నాను. రిటైరయ్యాక తీరిగ్గా చదివితే తెలిసింది, మేం చెమటోడ్చిన డ్రిల్లు వెనక ఉన్నది ఆయనేనని.

స్కాట్ 1853లో లండన్‌లో పుట్టారు. 1866లో, పదమూడేళ్ల వయసులోనే బ్రిటిష్ నేవీలో చేరారు. ఆ రోజుల్లో ఓడ ఊగుతుంటే, గురి టార్గెట్ మీదికి వచ్చే క్షణం కోసం గన్‌లేయర్ కాచుకొని పేల్చేవాడు. రెప్పపాటు అటూ ఇటూ అయితే షెల్ నీళ్లపాలే. 1898లో స్కిల్లా అనే క్రూయిజర్‌కు కెప్టెన్‌గా ఉండగా, ఒక గన్‌లేయర్ అందరికంటే బాగా కొట్టడం స్కాట్ కంటబడింది. ఓడ ఊగినకొద్దీ చక్రం తిప్పుతూ అతను గన్నును టార్గెట్ మీదే నిలుపుతున్నాడు, తనకే తెలియకుండా! చూసి వదిలెయ్యలేదు స్కాట్. గేర్లు మార్పించారు, మంచి టెలిస్కోపులు పెట్టించారు, ‘డాటర్’ అనే సాధనం తయారుచేసి షెల్ ఖర్చు లేకుండానే అందరిచేతా ప్రాక్టీసు చేయించారు. 1899లో స్కిల్లా 4.7 అంగుళాల గన్నులు నూటికి 80 తగిలించాయి. అదే ఏడాది బోయర్ యుద్ధంలో లేడీస్మిత్ కోసం ఓడ గన్నులకు చక్రాలు కట్టించి నేలమీద నడిపించిందీ ఆయనే.

అయితే పెద్ద గన్నుల సంగతి వేరు. 1906 నాటి డ్రెడ్‌నాట్‌కు 12 అంగుళాల గన్నులు పది, ఒక్కో షెల్ సుమారు 385 కిలోలు. అంత బరువును అలలతోపాటు ఆడించడం కష్టం. పైగా టరెట్‌లో వాడికి పొగా, నీటి తుంపరా తప్ప శత్రువు సరిగ్గా కనబడడు. అందుకని స్కాట్ మాస్టుమీద ఒకే సైటు పెట్టమన్నారు. అక్కడ ఒకడు గురిచూస్తే ఆ కోణాలు కరెంటు తీగలమీద టరెట్లకు చేరతాయి. గన్నర్లు సూదికి సూది కలిపితే చాలు, పైవాడు ట్రిగ్గర్ నొక్కగానే అన్నీ ఒకేసారి పేలతాయి. ఇదే డైరెక్టర్ ఫైరింగ్.

ఇంత మంచి పద్ధతికీ ఏళ్లు పట్టింది. స్కాట్‌కు నోటి దురుసూ ఉండేది. 1907లో జర్మన్ చక్రవర్తి రాక కోసం ఫైరింగ్ ప్రాక్టీసు ఆపి రంగులు వేయమంటే, ఎకసెక్కెంగా సిగ్నలిచ్చి అడ్మిరల్ బెరెస్‌ఫర్డ్ చేత అందరిముందూ చీవాట్లు తిన్నారు. (ఇన్‌స్పెక్షన్ ముందు రంగుల గోల మనకు కొత్తా!) చివరికి జెల్లికో పట్టుబట్టాక 1912లో పోటీ పెట్టారు. డైరెక్టరున్న థండరర్, అది లేని ఓరియన్‌ను చిత్తుగా ఓడించింది. అయినా 1914 ఆగస్టులో యుద్ధం మొదలయ్యేనాటికి డైరెక్టర్ అమర్చినవి ఎనిమిది బాటిల్‌షిప్‌లే. 1916 మే 31న జట్లండ్ యుద్ధం నాటికి దాదాపు అన్నింటికీ వచ్చింది. ఆ యుద్ధంలోనే మిడ్‌షిప్‌మన్‌గా ఉన్న ఆయన పెద్దకొడుకు చనిపోయాడు.

జీవితమంతా పెద్ద గన్నులకు ధారపోసిన ఈ మనిషే, 1914 జూన్‌లో, సబ్‌మెరైన్లు వచ్చాక బాటిల్‌షిప్‌ల కాలం చెల్లిందని పత్రికకు రాశారు. చాలామంది కొట్టిపారేశారు. 1915లో లండన్‌ను జెప్పెలిన్ల నుంచి కాపాడే గన్నుల బాధ్యత ఆయనకే అప్పగించారు. 1924 అక్టోబరులో కన్నుమూశారు.