ఉత్తర్వు ఇచ్చినవాడూ జవాబు చెప్పాలి: మనం మరచిన బాబాసాహెబ్ డిమాండ్

పోలీసు జులుం అనగానే మన కళ్ల ముందు లాఠీ పట్టిన కానిస్టేబుల్ మెదులుతాడు. గొడవ పెద్దదైతే సస్పెన్షన్ కూడా అతనికే. కొట్టమన్నవాడు, కొడుతుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నవాడు, ఫిర్యాదు తీసుకోవద్దని చెప్పినవాడు మాత్రం చల్లగా ఉంటారు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఈ పై వరస మీద గురిపెట్టి దాదాపు వందేళ్లవుతోంది. ఆయన జీవితంలో మనం తక్కువగా చెప్పుకునే భాగం ఇది.

1891 ఏప్రిల్ 14న మౌలో, సైన్యంలో సుబేదారుగా చేసిన రాంజీ ఇంట పుట్టిన ఆయన, కొలంబియాలో, లండన్‌లో చదివి 1923లో బారిస్టరై బొంబాయి వచ్చారు. 1927 మార్చి 20న మహద్‌లో వేల మందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగారు. గుడిలోకి కూడా వస్తారన్న పుకారు లేపి సవర్ణ మూకలు దళితుల మీద పడ్డాయి. స్థానిక పోలీసులు దాడిని ఆపలేకపోయారు. బాబాసాహెబ్ తన వాళ్లను ఎదురుదాడికి దిగకుండా ఆపి, చట్టం దారి పట్టారు. ఆ జూన్‌లో ఐదుగురికి నాలుగేసి నెలల కఠిన శిక్ష పడింది. అధికారం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే దళితులకు న్యాయం దొరుకుతుందని ఆ అనుభవం ఆయనకు నేర్పింది.

ఆ పాఠం 1930లో లండన్ దాకా వెళ్లింది. మొదటి రౌండ్ టేబుల్ సమావేశంలో ఆయన, రావు బహదూర్ ఆర్. శ్రీనివాసన్ కలిసి అణగారిన వర్గాల రక్షణల పథకం ఇచ్చారు. ప్రత్యేక నియోజకవర్గాల చర్చ అందరికీ గుర్తుంది. అదే పత్రంలో ఇంకో డిమాండ్ ఉంది. 1919 భారత ప్రభుత్వ చట్టంలోని 110, 111 సెక్షన్లు పాలకులకు, వాళ్ల ఉత్తర్వులకు కోర్టుల నుంచి రక్షణ ఇచ్చేవి. బాధితుడు యూరోపియన్ బ్రిటిష్ పౌరుడైతే మాత్రం ఆ రక్షణ పనిచేయదు. తెల్లవాడికి అధికారి ఎంత జవాబుదారీయో మాకూ అంతే కావాలి, ఈ రక్షణ తీసేయండి అని బాబాసాహెబ్ అడిగారు. బానిసత్వం పోయాక అమెరికాలో నల్లజాతి వారి కోసం వచ్చిన 1866, 1875 పౌరహక్కుల చట్టాలను కూడా ఆ పథకంలోనే ఆధారంగా చూపించారు.

ఎనిమిదేళ్లకు అదే ప్రశ్న సొంత ప్రభుత్వం ముందు పెట్టాల్సి వచ్చింది. పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా 1938 నవంబర్ 7న ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసి బొంబాయిలో సమ్మె చేయించారు. పోలీసులు కాల్పులు జరిపారు. కాంగ్రెస్ ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. 1939లో శాసనసభలో ఆ నివేదికను బాబాసాహెబ్ చీల్చి చెండాడారు. కాల్పులు సబబో కాదో కమిటీ తేల్చడం కాదు, బాధ్యుడైన అధికారిని మామూలు కోర్టులో నిలబెట్టే ధైర్యం హోంమంత్రికి ఉందా అని నిలదీశారు.

రాజ్యాంగంలో 14, 17, 32 అధికరణలు వచ్చాయి. హక్కు పోయినప్పుడు నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే 32ను ఆయన అన్నిటికన్నా ముఖ్యమని చెప్పారు. కానీ అధికారి మీద కేసు నడపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న వలస కాలపు నియమం పోలేదు. 1956 డిసెంబర్ 6న ఆయన పోయాక కూడా అది సీఆర్‌పీసీ 197గా నడిచింది, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 218గా నడుస్తోంది. నిర్ణయానికి 120 రోజుల గడువు పెట్టడమే కొత్త.

1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిది మంది దళితులను చంపారు. అప్పటికే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. దాని 4వ సెక్షన్ ప్రకారం, కావాలని విధిని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ విధులేమిటో వరసగా రాసింది. అయితే శాఖాపరమైన విచారణ సిఫారసు చేస్తేనే కేసు. అంటే తాళం చెవి మళ్లీ వాళ్ల చేతికే. కస్టడీ మరణాల్లో కోర్టులు పరిహారం ఇప్పిస్తున్నాయి. 1993లో నీలాబతి బెహెరా కేసులో లక్షన్నర ఇప్పించారు. ఆ డబ్బు కట్టేది ప్రభుత్వం, అధికారి జేబు కాదు.

4వ సెక్షన్‌లో ఎస్‌ఐ అనో కానిస్టేబుల్ అనో లేదు. ప్రభుత్వోద్యోగి అనే ఉంది. డీఎస్పీ, ఎస్పీ కూడా అందులోకే వస్తారు. అందుకే ఫిర్యాదు స్టేషన్‌లో తీసుకోకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపి, అందిన రసీదు దాచుకుందాం. ఆయనకు తెలిసిన తేదీకి అదే సాక్ష్యం. ఆ తర్వాత కూడా కదలకపోతే మన అర్జీలో ఆయన పేరూ హోదా ఉండాలి. బాబాసాహెబ్ 1930లో అడిగింది కిందివాడి సస్పెన్షన్ కాదు, పైవాడి జవాబు.