నల్లమందు చెరనుండి విడుదల పొందిన కాపరి



మార్కు సువార్త 2వ అధ్యాయములో పక్షవాయువు గల ఒకనిని నలుగురు మోసికొని వచ్చిన సంగతి మనమెరిగినదే. వాడు తనంతట తాను నడిచి రాలేకపోయెను. మత్తుకు దాసుడైనవాని స్థితియు అట్టిదే. కావున ఈ మాసము చైనా దేశపు కాపరియైన షీ గారి జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము.

ఆయన 1830వ దశకములో షాన్సీ రాష్ట్రపు పల్లెలో పుట్టెను. చిన్న వయస్సులోనే పరీక్ష గెలిచి పండితుడని పేరు పొందెను. తరువాత జబ్బుపడగా, నల్లమందు పీల్చినచో నెమ్మది కలుగునని స్నేహితులు చెప్పిరి. మొదట నెమ్మది కలిగెను. పిమ్మట అదే ఆయనకు యజమానియాయెను. ఏండ్ల తరబడి ఆ గొట్టమును విడువలేక ఆయన ఒళ్లు చిక్కిపోయెను.

ఆ విషమునకు మన దేశముతోను సంబంధమున్నది. పాట్నా, కాశీ ప్రాంతములలో తయారైన నల్లమందును ఆంగ్లేయుల కంపెనీ కలకత్తాలో వేలము వేయగా వర్తకులు ఓడలమీద చైనాకు చేర్చిరి. దాని నిమిత్తము 1839లో యుద్ధము కూడ జరిగెను. రానురాను చైనా రైతులే గసగసాల పైరు వేసిరి. షాన్సీలో తిండిగింజల భూములనుకూడ అది ఆక్రమించెను. 1876 మొదలు కొన్ని యేండ్లు ఘోరమైన కరవు రాగా ఉత్తర చైనాలో లక్షలాది జనులు చనిపోయిరి.

కరవు బాధితులకు సహాయము చేయుటకు వచ్చిన డేవిడ్ హిల్ అను మిషనరీ 1879లో వ్యాసముల పోటీ పెట్టెను. షీ గారు బహుమానము గెలిచి, ఆయనకు చైనా భాష నేర్పుటకు కుదిరెను. అక్కడ క్రొత్త నిబంధన చదివి ప్రభువును నమ్ముకొనెను. వెంటనే నల్లమందు మానెను. ఏడు దినములు తిండి, నిద్ర లేక విలవిలలాడెను. ప్రార్థనలో పట్టుదలగా నిలిచి జయించెను. దయ్యములను జయించువాడను అర్థముగల షెంగ్‌మో అను పేరు పెట్టుకొనెను.

ఆయన తన విడుదలతో తృప్తిపడలేదు. నల్లమందు మానగోరువారికి ఆశ్రయ గృహములు తెరచెను. విదేశపు మందు అయిపోగా, ఉపవాస ప్రార్థనలు చేసి, తమ దేశపు దినుసులతో తానే మాత్రలు తయారు చేసెను. ఒక ఊరిలో గృహము తెరచుటకు డబ్బు లేనప్పుడు ఆయన భార్య తన నగలు అమ్మి ఇచ్చెను. విడుదల పొందినవారే క్రొత్తగా వచ్చినవారి ప్రక్కన కూర్చుండి, మందు ఇచ్చి, ప్రార్థించి, రాత్రులు కనిపెట్టిరి. మరల పడినవారును లేకపోలేదు. అయినను తలుపు మూయబడలేదు. 1886లో హడ్సన్ టేలర్ గారు ఆయనను కాపరిగా అభిషేకించిరి. 1896లో ఆయన ప్రభువునందు నిద్రించెను.

నేడు మన పల్లెలలో సారా, గంజాయి, మత్తు మాత్రలు యౌవనస్థులను పట్టుకొనుచున్నవి. తల్లిదండ్రులు సిగ్గుచేత దాచుదురు; సంఘము వెలివేయును. రెండును రోగిని చీకటిలోనే ఉంచును. ప్రార్థన చేయుడి, మందును తృణీకరింపకుడి. ఏండ్ల తరబడి త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో ప్రాణాపాయము కలుగవచ్చును గనుక వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. షీ గారు మందును ప్రార్థనను వేరుచేయలేదు.

మీ సంఘములో అట్టివాడు ఒకడున్నయెడల, వానిని మోయుటకు ఆ నలుగురు ఎవరు?