చుక్కల దారిలో వైను బప్పు



మన హాస్టల్ మేడ మీద పడుకున్న ప్రతి ఒక్కరూ చుక్కలు చూసినవారే. మన ఊళ్ళలో ఆకాశంలో మెరిసేదంతా చుక్కే. తెల్లవారుజామున కనిపించేది వేగుచుక్క, తోకతో వచ్చేది తోకచుక్క. సైన్సు ప్రకారం ఈ రెండూ నక్షత్రాలు కావు. వేగుచుక్క అంటే శుక్రుడు. సూర్యుని చుట్టూ తిరిగే గ్రహం, సొంత వెలుగు లేదు. తోకచుక్క మంచు, ధూళి కలిసిన ముద్ద. సూర్యునికి దగ్గరైనప్పుడు వేడికి మంచు ఆవిరై, ధూళితో కలిసి తోకలా సాగుతుంది. సొంతంగా వెలిగేదే నక్షత్రం. మన సూర్యుడూ ఒక నక్షత్రమే.

తోకచుక్క కనబడితే కీడు అని మా నాయనమ్మ భయపడేది. కానీ హైదరాబాద్‌లో చదివిన ఒక విద్యార్థికి తోకచుక్కే పేరు తెచ్చిపెట్టింది. ఆయనే మనాలి కల్లాట్ వైను బప్పు.

బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. వారి కుటుంబం కేరళకు చెందినది. తండ్రి హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి కావడంతో బాల్యం, చదువు హైదరాబాద్‌లోనే గడిచాయి. తండ్రి పనిచేసే చోట టెలిస్కోపులు చూస్తూ పెరిగారు. నిజాం కాలేజీలో ఫిజిక్స్ చదివారు. చదువుకునే రోజుల్లోనే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలను గమనించి వ్యాసాలు ప్రచురించారు.

హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద 1949లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. కొద్ది నెలలకే, జులై 2న, ఆకాశాన్ని ఫోటో తీసిన ప్లేటు మీద ఒక కొత్త తోకచుక్కను గుర్తించారు. దానికి ఆయన పేరు, ప్రొఫెసర్ బార్ట్ బోక్, తోటి విద్యార్థి న్యూకిర్క్ పేర్లు కలిపి పెట్టారు. అప్పటికి బప్పు వయసు ఇంకా 22 నిండలేదు.

1952లో డాక్టరేట్ పొందాక అమెరికాలోనే ఓలిన్ విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశారు. వారు పట్టుకున్న సమస్య ఇది. దూరంగా ఉన్న లారీ లైటు, దగ్గరున్న టార్చిలైటు ఒకేలా కనిపించవచ్చు. నక్షత్రాలూ అంతే. చూపుకు కనిపించే వెలుగు వేరు, అసలు వెలుగు వేరు. అసలు వెలుగు తెలిస్తేనే దూరం లెక్క కట్టగలం. నక్షత్రపు కాంతిని రంగులుగా విడదీస్తే అందులో కాల్షియంకు సంబంధించిన ఒక సన్నని మెరుపు గీత కొన్ని రకాల నక్షత్రాల్లో కనిపిస్తుంది. ఆ గీత ఎంత వెడల్పుగా ఉంటే ఆ నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువ అని 1957లో ఇద్దరూ ప్రకటించారు. దీన్నే విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటారు. ఆ దూరాలను కాంతి సంవత్సరాల్లో చెబుతారు. కాంతి ఏడాదిలో వెళ్ళే దూరం సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు. పేరులో సంవత్సరం ఉన్నా అది కాలం కాదు, దూరం. పరీక్షలో మర్చిపోకండి.

అంత పేరు వచ్చినా ఆయన అమెరికాలో ఉండిపోలేదు. స్వదేశానికి వచ్చి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ అబ్జర్వేటరీని నైనితాల్ కొండల్లో నిలబెట్టారు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టర్ అయ్యారు. తర్వాత తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు అనే చోటును ఎంచుకున్నారు. ఊరి దీపాల వెలుగు సోకని చీకటి కావాలి, దక్షిణ ఆకాశం కూడా బాగా కనిపించాలి. అందుకే ఆ కొండ. 1977లో యురేనస్ గ్రహం చుట్టూ వలయాలున్నాయని తెలిసినప్పుడు, ఆ ఆధారం నమోదైన చోట్లలో కావలూరు కూడా ఒకటి.

1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మన దేశంలోనే 2.34 మీటర్ల అద్దంతో పెద్ద టెలిస్కోపు తయారు చేయాలన్నది ఆయన పట్టుదల. పని సాగుతుండగానే 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో గుండె ఆపరేషన్ తర్వాత కన్నుమూశారు. వయసు 55 ఏళ్ళు. 1986లో ఆ టెలిస్కోపు ప్రారంభమైంది. దానికి ఆయన పేరే పెట్టారు. ఆయన మాత్రం అందులోంచి ఒక్క చుక్కనూ చూడలేదు.

తమ్ముళ్ళారా! బప్పు తండ్రికి టెలిస్కోపు తెలుసు. మనలో చాలామంది ఇళ్ళల్లో మార్కుల మెమో చదివి చెప్పేవారు కూడా లేరు. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదటివాణ్ణి. ఈ తేడాను దాచలేం. కానీ ఆయన వెళ్ళిందీ స్కాలర్‌షిప్ మీదే. తిరిగి వచ్చి, తన తర్వాతి వారి కోసం అద్దం సానబట్టించారు. పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే. అందరం తలా కొంత వేసుకొని మన హాస్టల్‌కు ఒక చిన్న టెలిస్కోపు కొందాం. మన పేరు దాని మీద లేకపోయినా ఫరవాలేదు. ఏదో ఒక రాత్రి ఒక తమ్ముడు మేడ ఎక్కి చంద్రుని మీది గుంతలు చూస్తే చాలు.

— ఎం.ఎస్సీ. ఫిజిక్స్, పూర్వ విద్యార్థి, వరంగల్