కట్టబడని యోడలు: త్సియోల్కోవ్‌స్కీ జీవిత సంగ్రహము

పేరొందిన శిల్పులు పెక్కురు తాము కట్టిన మేడలచేతను, వంతెనలచేతను, ఓడలచేతను కీర్తి గాంచిరి. తాను గీసిన గాలియోడలలో ఒక్కదానినైనను పూర్తిగ కట్టి చూడజాలకయే లోకప్రసిద్ధుడైన యొక పాఠశాలోపాధ్యాయుని చరిత్రమును మేమీ యేడు మా విద్యార్థుల యెదుట నుంచుచున్నాము. ఆయన రష్యా దేశస్థుడగు కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ.

ఆయన 1857వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీని ర్యజాన్ మండలమందలి ఇజెవ్‌స్కోయె గ్రామమున జన్మించెను. తండ్రి అడవిశాఖలో నుద్యోగి. ఇంచుమించు పదియేండ్ల ప్రాయమున స్కార్లెట్ జ్వరము సోకి బాలుని చెవులు మిక్కిలి మందగించెను. పదుమూడవ యేట తల్లి గతించెను. గురువు చెప్పునది వినబడక బడిచదువు సాగదయ్యెను. పుస్తకములే ఆయనకు గురువులయ్యెను. పదునారవ యేట తండ్రి ఆయనను మాస్కో నగరమునకు పంపగా, అచట మూడేండ్లు గ్రంథాలయమున గూర్చుండి గణితమును, ప్రకృతిశాస్త్రమును, ఖగోళశాస్త్రమును తనంతట నేర్చుకొనెను. ఇంటినుండి వచ్చు కొలదిపాటి ధనమును పుస్తకములకును ప్రయోగ సామగ్రికిని వెచ్చించి, రొట్టెముక్కలతో దినములు గడిపెను.

1879లో ఉపాధ్యాయ పరీక్షయందు గెలుపొంది, మరుసటి యేడు బోరోవ్‌స్క్ పట్టణమున అంకగణితము, రేఖాగణితము బోధింప మొదలిడెను. 1892లో కలూగా పట్టణమునకు బదిలీయై, తుదిదాక అచటనే నివసించెను. ఆ యూరిలో క్రైస్తవ సంఘమువారు నడిపిన బాలికల పాఠశాలయందు పెక్కేండ్లు ప్రకృతిశాస్త్రము చెప్పెను. పగలు బడిపని, తీరిక దొరకినపుడెల్ల కాగితము, కత్తెర, జిగురు, లోహపు రేకులు.

ఆయన మనస్సును మొదట హరించినది లోహపు గాలియోడ. ఆ దినములలో ఆకాశమున దేలు బుడగలను గుడ్డతో చేయుచుండిరి. గుడ్డనుండి వాయువు కారిపోవును; నిప్పంటుకొను భయమును మెండు. ముడుతలు గల పలుచని లోహపు రేకుతో తిత్తిని చేసినచో ఈ కష్టములు తగ్గునని ఆయన తలచెను. లోపలి వాయువు ఉబ్బినను తగ్గినను ముడుతలు విప్పుకొనుచు మూసికొనుచు నుండును గనుక తిత్తి పగులదు. యంత్రమునుండి వెలువడు వేడిపొగతో ఆ వాయువును కాచి, ఓడయొక్క తేలుబలమును హెచ్చింపవచ్చును. 1890లో ఈ లెక్కలను రాజధానియందలి సాంకేతిక సమాజమునకు పంపి ధనసహాయము కోరగా, వారు నిరాకరించిరి. ఆయన వెనుదీయక 1892లో పుస్తకముగా ప్రచురించెను. 1894లో రెక్కల విమానమునుగూర్చి వ్రాసి, చిత్రించి చూపెను. రైటు సోదరులు ఎగిరినది దీనికి తొమ్మిదేండ్ల పిమ్మట. 1897లో గాలిని వీచు సొరంగమువంటి పెట్టెను తానే చేసికొని, కాగితపు నమూనాలను అందు నిలిపి గాలి యొత్తిడిని కొలిచెను. అటుపిమ్మట ఈ ప్రయోగములకై విజ్ఞాన పరిషత్తువారు 470 రూబుళ్లు మంజూరు చేసిరి.

ఇంటికష్టములు తక్కువగ లేవు. 1887లో ఇల్లు కాలి వ్రాతప్రతులు బూడిదయ్యెను. 1902లో కుమారుడొకడు మరణించెను. 1908లో ఓకా నది పొంగి ఇంటిలోని కాగితములను పాడుచేసెను. ఆయన మరల మొదటినుండి గీసెను.

పండుగనాడు మనము కాల్చు తారాజువ్వ నిప్పును వెనుకకు చిమ్మి తాను ముందుకు సాగును. దానికి త్రోయుటకు గాలి యవసరము లేదు. కావున గాలి లేని శూన్యమునందును అది పోగలదు. ఈ సంగతిని లెక్కలతో నిరూపించి 1903లో ఆయన ప్రకటించెను. వాయువు వెలువడు వేగమును, నిండు బరువునకును ఇంధనము తీరిన పిదప మిగులు బరువునకును గల నిష్పత్తియు కలిసి రాకెట్టు వేగమును నిర్ణయించును. ద్రవరూపమున నున్న హైడ్రోజనును, ప్రాణవాయువును మండింపవలెనని అందే సూచించెను. 1929లో, ఇంధనము తీరినది తీరినట్లు విడిపోవు రాకెట్ల వరుసనుగూర్చి వ్రాసెను. 1933లో ఒక చలనచిత్రముకొరకు, బరువు తోచక తేలు మనుష్యులను, శూన్యములోనికి వెలువడు జంటద్వారములను సాదా గీతలతో చిత్రించి యిచ్చెను. ఆ చిత్రము 1936లో ప్రదర్శింపబడునప్పటికి ఆయన లేడు. 1935 సెప్టెంబరు 19న కలూగాలో కన్నుమూసెను.

నిజము దాచనేల? ఆయన కత్యంత ప్రియమైన లోహపు గాలియోడ నమూనాలతోనే నిలిచిపోయెను. నిండు పరిమాణమున ఏనాడును ఎగురలేదు. అయినను 1923లో ఒడెస్సా నగరమునుండి వాలెంటిన్ గ్లుష్కో యను పదునైదేండ్ల బాలుడు ఉత్తరము వ్రాయగా, ఆ వృద్ధుడు ప్రత్యుత్తరమిచ్చి తన పుస్తకములను పంపెను. 1957లో స్పూత్నిక్కును, 1961లో యూరీ గగారినును పైకి గొనిపోయిన రాకెట్ల యంత్రములను రూపొందించినవాడు ఆ గ్లుష్కోయే. 2014 జనవరి 5న మన శ్రీహరికోటనుండి లేచిన రాకెట్టులోని కడపటి దశయు, మన దేశపు యంత్రముతో, ఆ రెండు ద్రవములనే మండించుకొని పోయెను.

దావీదు దేవాలయమును కట్టలేదు. కాని దాని మచ్చును సొలొమోను చేతికిచ్చి, బంగారమును, వెండిని తూచి యుంచెను. మచ్చుతోపాటు తూనికయు నుండుటచే కుమారునికి పని సాగెను. త్సియోల్కోవ్‌స్కీ పటముల క్రిందను లెక్క యున్నది; లెక్క యున్నందుననే అన్యులు వానిని చేపట్టగలిగిరి.

ప్రియ విద్యార్థులారా! మీ నోటుపుస్తకముల యంచులలో విమానములను, చంద్రలోకపు నావలను మీరు గీయుట మే మెరుగుదుము. అందులకు మిమ్ము గద్దింపము. బొమ్మ ముగిసిన పిదప దాని బరువెంత, రెక్క వెడల్పెంత, ఇంధన మెంత పట్టునో ప్రక్కన వ్రాసి మాకు చూపుడు. లెక్క తప్పినచో కూడ కూర్చుండి దిద్దుదము. ఆ యోడను కట్టు భాగ్యము మీకు కలుగునో, మీ వెనుకవారికి కలుగునో దేవు డెరుగును.