వేళ్లు తెగిన చెయ్యే బ్యాటర్లను వణికించింది.. ఎవరీ 'త్రీ ఫింగర్' బ్రౌన్?

చూపుడు వేలు చాలావరకు లేదు. మధ్య వేలు వంకర తిరిగిపోయింది. చిటికెన వేలు సరిగ్గా కదలదు. ఇలాంటి చేత్తో బంతి పట్టుకోవడమే కష్టం అనుకుంటాం. కానీ అదే కుడిచేత్తో బంతులు విసిరి, అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 239 విజయాలు తన పేరిట రాసుకున్నాడు మోర్డెకాయ్ బ్రౌన్.

బ్రౌన్ 1876 అక్టోబర్ 19న ఇండియానా రాష్ట్రంలోని నైస్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని సరిగ్గా వందేళ్లు నిండిన ఏడాది అది. అందుకే పేరులో 'సెంటెన్నియల్' అనే మాట కూడా చేర్చారు.

చిన్నతనంలో ఓ రోజు పశువుల మేత కోసే యంత్రంలో అతని చెయ్యి పడింది. మన పల్లెల్లో వాడే చాఫ్ కట్టర్ లాంటిదే అది. చూపుడు వేలు తెగిపోయి మొండి మాత్రం మిగిలింది. ఆ గాయం పూర్తిగా మానకముందే పరిగెడుతూ కిందపడ్డాడు. ఈసారి మిగతా వేళ్ల ఎముకలు విరిగాయి. అవి వంకరగానే అతుక్కున్నాయి. ఇక జీవితాంతం ఆ చెయ్యి అంతే.

అన్నట్టు, 'త్రీ ఫింగర్' అనే పేరులో లెక్క తప్పు. బొటనవేలితో కలిపితే ఆ చేతికి నాలుగు వేళ్లు, ఓ మొండి ఉండేవి. అయినా పేపర్లవాళ్లు పెట్టిన పేరే జనం నోళ్లలో నానింది.

కుర్రాడిగా ఉన్నప్పుడే బొగ్గు గనుల్లో పనికి వెళ్లాడు. తోటి ఆటగాళ్లు 'మైనర్' అని పిలిచింది అందుకే. గని ఊళ్ల జట్లలో ఆడుతుండగా ఓ రోజు పిచర్ రాలేదు. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో, బేస్‌బాల్‌లో పిచర్ అలాగ. బంతి బ్రౌన్ చేతికి ఇచ్చారు. కథ మలుపు తిరిగింది అక్కడే.

ఆ మొండి, ఆ వంకర వేలు కలిసి బంతిని వింతగా తిప్పేవి. బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి బంతి ఒక్కసారిగా కిందికి జారిపోయేది. బలంగా కొట్టినా గాల్లోకి లేవదు, నేలమీద దొర్లుతుంది. గాయమే అతన్ని గొప్పోణ్ని చేసిందని ఈజీగా చెప్పేస్తుంటారు. అది సగం నిజమే. ఆ చేత్తో బంతిని అనుకున్న చోట వెయ్యడం నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. ప్రొఫెషనల్ జట్టులో చోటు దొరికేసరికి 24 ఏళ్లు. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది 1903లో, 26 ఏళ్ల వయసులో! ఆ సీజన్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరఫున 9 గెలుపులు, 13 ఓటములు. సీజన్ అయిపోగానే వాళ్లు అతన్ని షికాగో కబ్స్‌కు వదిలేసుకున్నారు.

కబ్స్‌లో టింకర్, ఎవర్స్, చాన్స్ అనే ముగ్గురు మెరుపు ఫీల్డర్లు ఉన్నారు. నేలమీద దొర్లే బంతులంటే వాళ్లకు పండగే. 1906లో బ్రౌన్ 26 గెలిచి 6 మాత్రమే ఓడాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతను ఇచ్చిన పరుగుల సగటు 1.04. 1900 తర్వాత నేషనల్ లీగ్‌లో ఒక సీజన్‌లో ఇంతకన్నా తక్కువ సగటు ఇంకెవరికీ లేదు. ఆ ఏడాది కబ్స్ 116 మ్యాచ్‌లు గెలిచినా, వరల్డ్ సిరీస్‌లో మాత్రం అదే ఊరి వైట్ సాక్స్ చేతిలో కంగుతింది. 1907లో డెట్రాయిట్‌పై కప్పు కొట్టింది. చివరి మ్యాచ్‌లో బ్రౌన్ ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు.

అసలు పరీక్ష 1908 అక్టోబర్ 8న వచ్చింది. కబ్స్, న్యూయార్క్ జెయింట్స్ సమానంగా నిలిచాయి. టై అయిన ఒక మ్యాచ్‌ను మళ్లీ ఆడాలి. గెలిచినవాళ్లదే లీగ్ టైటిల్. మ్యాచ్ న్యూయార్క్‌లో. స్టేడియం కిటకిటలాడింది, బయట కూడా జనమే జనం. గెలిస్తే ప్రాణాలు తీస్తామంటూ బెదిరింపు లేఖలు వచ్చాయని బ్రౌన్ తర్వాత చెప్పుకున్నాడు. ఎదురుగా ఉన్నది జెయింట్స్ స్టార్ పిచర్ క్రిస్టీ మాథ్యూసన్. కబ్స్ తరఫున మొదలుపెట్టిన ఫీస్టర్ తొలి ఇన్నింగ్స్‌లోనే చేతులెత్తేశాడు. జనాన్ని తోసుకుంటూ బ్రౌన్ మైదానంలోకి వచ్చాడు. ఆ మొండి చేత్తోనే మిగతా మ్యాచ్ మొత్తం మోశాడు. కబ్స్ 4-2తో గెలిచింది. తర్వాత వరల్డ్ సిరీస్‌లో డెట్రాయిట్‌పై మరో రెండు విజయాలూ అతనివే. ఆ కప్పు తర్వాత కబ్స్ మళ్లీ ఛాంపియన్ కావడానికి 2016 దాకా, అంటే 108 ఏళ్లు ఆగాల్సి వచ్చింది!

1906 నుంచి 1911 వరకు వరుసగా ఆరేళ్లు ప్రతి సీజన్‌లో 20 లేదా అంతకన్నా ఎక్కువ గెలుపులు. 1912లో ఈసారి మోకాలు దెబ్బతీసింది. ఆ సీజన్‌లో 5 గెలుపులే. వయసు 35 దాటింది, ఇక పనైపోయిందనుకుని కబ్స్ వదిలేసింది. బ్రౌన్ మాత్రం ఆటను వదల్లేదు. సిన్సినాటికి వెళ్లాడు, అక్కడి నుంచి కొత్తగా వచ్చిన ఫెడరల్ లీగ్‌కు మారాడు. 1915లో షికాగో వేల్స్ జట్టుకు 17 మ్యాచ్‌లు గెలిపించాడు. ఆ జట్టు లీగ్ టైటిల్ కొట్టింది. అప్పుడు అతని వయసు 38.

1916లో మళ్లీ కబ్స్ గూటికే చేరాడు. సెప్టెంబర్ 4న ఆఖరిసారి బంతి పట్టాడు. ఎదుట ఎవరో తెలుసా? అదే మాథ్యూసన్! అప్పటికి సిన్సినాటి మేనేజర్. ఇద్దరి చేతుల్లోనూ పాత పదును లేదు. సిన్సినాటి 10-8తో గెలిచింది. మేజర్ లీగ్‌లో ఇద్దరికీ అదే చివరి మ్యాచ్.

తర్వాత ఇండియానాలోని టెరె హాట్ పట్టణంలో బ్రౌన్ పెట్రోల్ బంకు నడుపుకున్నాడు. చివరి ఏళ్లలో షుగర్ జబ్బు, పక్షవాతం అతన్ని కుంగదీశాయి. 1946లో టింకర్, ఎవర్స్, చాన్స్ ముగ్గురికీ ఒకేసారి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. అప్పటికి బ్రౌన్ బతికే ఉన్నాడు. అతని పేరు ఆ జాబితాలో లేదు. 1948 ఫిబ్రవరి 14న, 71 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. హాల్ ఆఫ్ ఫేమ్ తలుపులు తెరుచుకున్నది ఆ మరుసటి ఏడాది, 1949లో.