బ్లాన్‌ఫర్డ్ పండితుడు

విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్ 1832లో లండన్ నగరమున జన్మించెను. 1855లో భారత భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగియై మన దేశమునకు వచ్చెను. రాళ్లను పరీక్షించుట ఆయన వృత్తి. జంతువులను పరిశీలించుట ఆయన ప్రీతి.

1868లో ఆంగ్ల సైన్యముతో అబిసీనియాకు, అనగా నేటి ఇథియోపియాకు, పోయెను. సముద్రతీరము మొదలు మగ్దాలా గిరిదుర్గము వరకు పయనించుచు మృగములను, పక్షులను సేకరించెను. వేడి తీరభూమి, నడిమి లోయలు, చల్లని పీఠభూమి, వీనిలో ఒక్కొక్క ఎత్తునకు ఒక్కొక్క జంతుసముదాయము కలదని గ్రహించెను. చర్మమును, కపాలమును దాచుటతో తృప్తినొందక, ఏ జీవి ఏ తావున దొరకెనో వ్రాసియుంచెను. హద్దులు లేని దస్తావేజు వలెనే తావు తెలియని చర్మము సాక్ష్యమునకు పనికిరాదు గదా!

పిదప గోదావరి లోయకు వచ్చి, దుమ్ముగూడెం, భద్రాచలం ప్రాంతములందలి బొగ్గు అన్వేషణను గూర్చియు, గోదావరికిని ఏలూరునకును నడుమ గల రాతిపొరలను గూర్చియు 1871లో నివేదికలు ప్రకటించెను. మన సీమ ఆయనకు ఎరుకపడినదే.

1882లో ఉద్యోగము విరమించి, 1888–91 నడుమ భారతదేశ క్షీరదములను గూర్చి బృహద్గ్రంథము వెలువరించెను. 1905లో పరమపదించెను. ఆ గ్రంథమున మన దేశపు మృగముగా వర్ణింపబడిన చీతా ఇచట నశించినదని 1952లో ప్రకటింపబడెను. ఏది పోయినదో తెలియవలెనన్న, మున్ను ఏది ఎచట నుండెనో తెలియవలెను. ఆ లెక్కను భద్రముగా వ్రాసియుంచిన వారిలో బ్లాన్‌ఫర్డ్ అగ్రగణ్యుడు.