తన మంచం ఇచ్చి మొదలుపెట్టిన ఇల్లు



మన పాతపట్నం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా తాళం వేసిన ఇళ్లు కొన్ని కనిపిస్తాయి. తాళం లేకపోయినా వేసినట్టే ఉండే ఇళ్లు మరికొన్ని. ఆ రెండో రకం ఇళ్లలో వీధరుగు మీద ఒక ముసలమ్మో, ఒక తాతో కూర్చుని ఉంటారు. కొడుకులు విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో, చెన్నైలోనో కట్టడం పనుల్లో ఉంటారు. పండుగకు వస్తారు, చేతనైనంత పంపుతారు, వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఇంటి కప్పు గట్టిదే కావచ్చు. కానీ రాత్రివేళ దగ్గు తెర వచ్చినప్పుడు లేచి గ్లాసుడు మంచినీళ్లు అందించే మనిషి ఆ ఇంట్లో ఉండరు.

దిక్కులేని పేద వృద్ధులకు ఇంటినీ, ఇంట్లో మనిషినీ కలిపి ఇవ్వాలని పూనుకున్న ఒక స్త్రీ చరిత్ర ఈ వారం మీ ముందుంచుతున్నాను. ఆమె రాణి కాదు, జమీందారిణి కాదు. ఇంకొకరి ఇంట్లో పనిమనిషి. ఆమె పేరు జీన్ జుగాన్. 2009 అక్టోబరు 11న పదహారవ బెనెడిక్టు పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. కుష్ఠురోగుల సేవకుడు మొలొకాయి డామియెన్ గురువును పునీతునిగా ప్రకటించినదీ ఆ రోజే. డామియెన్ గురువు పేరు మనలో చాలామందికి తెలుసు. ఈమె పేరు మాత్రం ఎందుకో మన విచారణల్లో అంతగా వినబడదు.

ఫ్రాన్సు దేశపు పడమటి అంచున బ్రిటనీ అనే సముద్రతీర ప్రాంతం ఉన్నది. అక్కడ కంకాల్ అనే చేపల రేవులో 1792 అక్టోబరు 25న జీన్ జన్మించారు. కళింగపట్నం, భావనపాడు రేవుల్లో బతుకు చూసినవారికి ఆ ఊరి సంగతి వేరే చెప్పనక్కరలేదు. మగవాళ్లు పడవల మీద నెలల తరబడి దూరం పోవడం, ఆడవాళ్లు ఒడ్డున ఎదురుచూడటం, కొందరు తిరిగి రాకపోవడం. జీనుకు నాలుగేళ్లైనా నిండకముందే ఆమె తండ్రి సముద్రంలో కనుమరుగయ్యాడు. తల్లి కూలి పనులు చేసి పిల్లలను పెంచింది. అవి ఫ్రెంచి విప్లవం రోజులు. గుడులు మూతపడ్డాయి, గురువులు దాక్కుని తిరిగేవారు. జపమాల, జ్ఞానోపదేశం ఆ పిల్లలకు ఇంటి నాలుగు గోడల మధ్యనే అబ్బాయి.

చిన్నతనంలో పశువులను కాసి, ఉన్ని వడకడం, అల్లడం నేర్చుకున్నారు. పదిహేను పదహారేళ్ల వయసులో ఒక జమీందారు భార్య ఇంట వంటింటి పనికి కుదిరారు. ఆ అమ్మగారు పేదల గుడిసెలకు వెళ్లేటప్పుడు ఈ పిల్లను వెంటబెట్టుకుని వెళ్లేవారు. పేదవాడికి పెట్టడం ఒక ఎత్తు, వాడు సిగ్గుపడకుండా పెట్టడం ఇంకొక ఎత్తు అని జీన్ అక్కడ చూసి నేర్చుకున్నారు. ఒక నావికుడు ఆమెను పెండ్లాడతానని అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. కొన్నేళ్లకు మళ్లీ అడిగాడు, మళ్లీ కాదన్నారు. 1817లో, ఇరవై అయిదో ఏట, ఉన్న మంచి బట్టలు అక్కచెల్లెళ్లకు పంచి సెయింట్ సెర్వాన్ అనే పట్టణానికి వెళ్లిపోయారు.

అక్కడ పేదల ఆసుపత్రిలో ఆరేళ్లు రోగులకు ఊడిగం చేసి, ఒళ్లు చెడి ఆ పని మానుకోవలసి వచ్చింది. తరువాత లెకాక్ అనే ఒక అవివాహిత వద్ద పన్నెండేళ్లు పనిమనిషిగా ఉన్నారు. పేరుకు యజమానురాలూ పనిమనిషే గాని, ఇద్దరూ కలిసి ప్రార్థించేవారు, కలిసి పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేవారు. 1835లో ఆ అమ్మగారు మరణించారు. అప్పటికి జీనుకు నలభై దాటాయి. సొంత ఇల్లు లేదు, సొంత మనిషి లేదు. ఫాన్షోన్ అనే డెబ్బై దాటిన ఒక ముసలావిడతోనూ, వర్జీని అనే అనాథ పిల్లతోనూ కలిసి ఒక చిన్న వాటా అద్దెకు తీసుకుని, బట్టలుతికి, నూలు వడికి బతుకు వెళ్లదీస్తున్నారు. మనలో చాలామంది ఆ వయసులో, ఆ స్థితిలో ఉంటే ఇక మన సంగతి మనం చూసుకుంటే చాలనుకుంటాం.

1839 చలికాలం. ఆన్ షోవెన్ అనే ఒక వృద్ధురాలు, కళ్లు లేవు, ఒక పక్క పడిపోయింది, చూసే దిక్కు లేక ఒంటరిగా పడి ఉన్నది. జీన్ ఆమెను చేతులమీద ఎత్తుకుని తన వాటాకు తెచ్చారు. మెట్లెక్కించి తన మంచం మీద పడుకోబెట్టారు. తాను పైన అటకమీదకు మారారు. అంతే. ఏ సభా పెట్టలేదు, ఏ చందా పుస్తకమూ అచ్చు వేయించలేదు. ఈనాడు ఎన్నో దేశాల్లో ఉన్న వృద్ధాశ్రమాలన్నిటికీ శంకుస్థాపన ఏదంటే ఆ మంచమే.

కొద్దిరోజులకు ఇంకొక ముసలావిడ వచ్చింది. ఇసబెల్ అనే ఈమె జీవితమంతా ఒక ఇంట్లో చాకిరీ చేసింది. యజమానులు చితికిపోతే తాను కూడబెట్టుకున్నది వారికే ఖర్చుపెట్టింది. అదీ అయిపోతే వారికోసం బిచ్చమెత్తింది. వారు చనిపోయాక ఈమెకు దిక్కు లేదు. పనిమనుషుల బతుకు పనిమనిషికే తెలుస్తుంది. ఈమెనూ జీన్ లోపలికి తీసుకున్నారు. ఇక చోటు లేదు.

1841లో ఒక పాత సారా దుకాణం ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అందులో పన్నెండుమందికి చోటు దొరికింది. మరుసటి ఏడే ఉపకారుల సాయంతో పాడుబడిన ఒక పాత మఠాన్ని కొన్నారు. నలభైమంది వృద్ధులు అక్కడ చేరారు. జీనుతోబాటు మారీ జమే, వర్జీని మొదలైన నలుగురైదుగురు యువతులు ఆ ఇంటి పనికి అంకితమయ్యారు. 1842 మేలో వారందరూ జీనును తమ పెద్దగా ఎన్నుకున్నారు.

ఇల్లు దొరికింది సరే, రోజు గడవడం ఎలా? ఇక్కడే ఆమె తెలివి కనిపిస్తుంది. అక్కడికి చేరిన ముసలివాళ్లలో చాలామంది అంతకుముందు వీధుల్లో అడుక్కునేవారు. వారికి మామూలుగా పెట్టే ఇళ్లు కొన్ని ఉండేవి. ఆ ఇళ్ల పేర్లు జీన్ వారినే అడిగి తెలుసుకున్నారు. ఇకమీదట మీరు తిరగనక్కరలేదని వారిని ఇంట్లో కూర్చోబెట్టి, తాను బుట్ట చేతబట్టి ఆ గుమ్మాలకు వెళ్లారు. ఆ ముసలమ్మ మా ఇంట ఉన్నది, ఆమెకు పెట్టేది నాకివ్వండి అని అడిగేవారు. మిగిలిన రొట్టె, చల్లారిన కూర, చిరిగిన దుప్పటి, పొయ్యిలోకి కట్టెలు, ఏదిచ్చినా పుచ్చుకునేవారు. ఒకసారి వాడిన కాఫీ పొడిని కూడా ఇళ్ల నుంచీ హోటళ్ల నుంచీ తెచ్చి మళ్లీ కాచి వృద్ధులకిచ్చేవారట. వినడానికి ఎలాగో ఉండవచ్చు గాని, చలిదేశంలో పొద్దున్నే వేడిగా ఒక గుక్క పడితే ఆ ప్రాణాలకు ఎంత హాయిగా ఉండేదో ఊహించుకోండి.

మన వైపు జోలె పట్టడమంటే ఎంత నామోషీయో మీకు చెప్పనక్కరలేదు. ఆమెకూ నామోషీగానే ఉండేది. ముందుకు నడవడానికి తనను తాను గెలవవలసి వచ్చేది. ఒక ధనవంతుడు విసుక్కుని ఆమెను కొట్టాడనీ, ఆ దెబ్బ తనకు, ఇక తన పేదలకేమిస్తారని ఆమె నెమ్మదిగా అడిగారనీ, ఆయన సిగ్గుపడి నాటి నుంచి దాత అయ్యాడనీ చెబుతారు.

ఇంటి లోపలి పద్ధతి కూడా గమనించదగినది. చేతనైన ముసలివాళ్లు నూలు వడికేవారు, కూరలు తరిగేవారు. ఊరికే పడి ఉండే అనాథశరణాలయంలా కాక, కుటుంబంలా నడవాలని ఆమె కోరిక. ముందు వృద్ధులు తిన్నాకే సహోదరీలు తినేవారు. కొన్నాళ్లకు జనమే వారికి పేదల చిన్న చెల్లెళ్లు అని పేరు పెట్టారు. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అని మనం ఇంగ్లీషులో పిలిచేది వారినే. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయతలతోబాటు ఆతిథ్యం అనే నాల్గవ వ్రతం కూడా వారు పడతారు.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం చేదు సంగతి. అయినా దాచడం మంచిది కాదు. ఆ యువతులకు ఆధ్యాత్మిక సలహాదారు లె పయ్యూర్ అనే యువ గురువు. 1843 డిసెంబరులో సహోదరీలు జీనునే మళ్లీ పెద్దగా ఎన్నుకున్నారు. కొద్దిరోజులకే ఆ గురువు ఆ ఎన్నికను తోసిపుచ్చి, ఇరవై మూడేళ్ల మారీ జమేను పెద్దగా నియమించారు. జీనుకు అప్పటికి యాభై ఒక్క ఏళ్లు. ఆమె ఏమీ తగవు పెట్టుకోలేదు. బుట్ట తీసుకుని మళ్లీ వీధిలోకి వెళ్లారు.

బయటి లోకానికి మాత్రం ఆమె ఎవరో తెలుసు. 1845లో ఫ్రెంచి అకాడమీ ఆమె సేవకు మోంత్యోన్ బహుమానం ఇచ్చింది, 3,000 ఫ్రాంకులు. ఆ డబ్బూ ముసలివాళ్ల ఇంటికే పోయింది. రెన్, దినాన్, టూర్స్, ఆంజే, ఎక్కడ కొత్త ఇల్లు తెరవాలన్నా, ఎక్కడి ఇల్లు అప్పుల్లో మునిగినా ఆమెనే పంపేవారు. ఆమె నడిచి వెళ్లి, అధికారులను కలిసి, ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇంటిని నిలబెట్టి వచ్చేవారు. ఇల్లు నిలిచాక దాని మీద పెత్తనం ఇంకొకరిది.

1852లో ఆమెను మాతృమఠానికి పిలిపించి, ఇక బయటికి వెళ్లవద్దని, ఉపకారులతో సంబంధాలు పెట్టుకోవద్దని ఆజ్ఞాపించారు. 1856 నుంచి సెయింట్ పెర్న్ లోని లా టూర్ అనే చోట, కొత్తగా చేరిన యువతుల మధ్య సిలువ మరియ సహోదరిగా ఉండిపోయారు. మొత్తం ఇరవై ఏడేళ్లు. ఈలోగా సభ చరిత్రనే మార్చి చెప్పారు. స్థాపకుడు లె పయ్యూర్ గురువు, మొదటివారు మారీ జమే, వర్జీని, జీన్ తరువాత చేరిన మూడవ వ్యక్తి అని కొత్తవారికి నేర్పారు. చేతికర్ర పట్టుకుని తోటలో నడిచే ఆ ముసలి సహోదరి ఎవరో పక్కన నడిచే పిల్లలకే తెలియదు. తన పనిని ఆయన తీసుకున్నారనీ, తానే ఇష్టపూర్వకంగా ఇచ్చేస్తున్నాననీ ఒకసారి ఆయనతోనే అన్నారని చెబుతారు. జరిగింది ఏమిటో ఆమెకు తెలియక కాదన్నమాట. విధేయత పేరుతో జరిగిన అన్యాయాన్ని అన్యాయమనే అనాలి. ఆమె సహనం గొప్పది కాబట్టి ఆ పని ఒప్పు అయిపోదు.

ఆ మౌనకాలంలో ఒక్కసారి ఆమె మాట అవసరమైంది. 1865లో, ఏటేటా స్థిరంగా రాబడి వచ్చే ఆస్తులను సభ పుచ్చుకోవచ్చునా అనే ప్రశ్న వచ్చింది. పెద్దలకు ఎటూ తోచక ఆమెను సమావేశానికి పిలిచారు. స్థిర ఆదాయం వద్దని, ఇన్నాళ్లూ పోషించిన దేవుని మీదే ఆధారపడదామని ఆమె సలహా ఇచ్చారు. అదే నిర్ణయమైంది. వడ్డీ మీద బతకడానికి అలవాటు పడితే గుమ్మం గుమ్మం తిరగడం ఆగిపోతుందనీ, ఊరికీ ముసలివాళ్లకూ మధ్య ఉన్న బంధం తెగిపోతుందనీ ఆమె భయపడి ఉంటారని నాకనిపిస్తుంది. ప్రతి సంస్థకూ ఇది కుదురుతుందని నేననను. కానీ ఒక ఇంటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న దాన్నిబట్టి ఆ ఇంటి స్వభావం మారుతుందన్నది మాత్రం మన సంఘాల పెద్దలు ఆలోచించవలసిన విషయం.

1879 మార్చిలో పదమూడవ లియో పోపుగారు సభ నియమావళిని ఆమోదించారు. ఆ ఆగస్టు 29న, ఎనభై ఆరేళ్ల వయసులో, చూపు దాదాపు పోయిన స్థితిలో జీన్ కన్నుమూశారు. అప్పటికి సుమారు 2,400 మంది సహోదరీలు, 177 ఇళ్లు. పదకొండేళ్ల తరువాత, 1890లో, శ్రీసభ విచారణ జరిపి లె పయ్యూర్ గురువును రోముకు పిలిపించింది. ఆయన మిగిలిన కాలం అక్కడే గడిపారు. అసలు స్థాపకురాలు ఎవరో మెల్లమెల్లగా వెలుగులోకి వచ్చింది. 1982 అక్టోబరు 3న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు.

ఆమె మరణించిన మూడేళ్లకే, 1882లో, చిన్న చెల్లెళ్లు కలకత్తాలో దిగారు. అక్కడి నుంచి దక్షిణానికి వచ్చారు. మన తెలుగునాట సికింద్రాబాదులో వారి వృద్ధాశ్రమం ఉన్నది. అరవై దాటి, ఆధారం లేని పేదవారైతే చాలు, కులం మతం అడగకుండా తీసుకోవడం వారి పద్ధతి. ఆ వైపు పనుల్లో ఉన్న మన పిల్లలు సెలవునాడు ఒకసారి వెళ్లి చూడవచ్చు. ఆమె పండుగ ఆగస్టు 30. ఆనాటికి మీ ఊళ్లో ఒంటరిగా ఉన్న అవ్వలు, తాతలు ఎంతమందో, ఎవరింట రాత్రిపూట రెండో మనిషి లేరో మీ విచారణ పెద్దలతో కూర్చుని ఒక కాగితం మీద రాసి చూడండి.